దుర్మార్గుడు లేని అధిక్షేపం: కర్ట్ వొనెగట్ నవలల్లో తప్పెవరిది?

తన తండ్రి చనిపోవడానికి కొద్దికాలం ముందు అన్న ఒక మాటను అమెరికన్ నవలాకారుడు కర్ట్ వొనెగట్ తన ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ నవల మొదటి అధ్యాయంలో గుర్తు చేసుకుంటారు. నువ్వు రాసిన ఏ కథలోనూ దుర్మార్గుడు లేడు సుమా అని తండ్రి అన్నాడట. యుద్ధం తరువాత కాలేజీలో నేర్చుకున్న సంగతుల్లో అదొకటి అని కొడుకు జవాబిచ్చాడట. నవలలో ఈ సంభాషణ రెండు మూడు వాక్యాలకు మించి సాగదు. అయినా వొనెగట్ యాభై ఏళ్ల రచనా జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి నాకు దొరకలేదు.

అధిక్షేపం అన్నాక దానికొక గురి ఉండాలని మనం అనుకుంటాం. మన అధిక్షేప శతకాల్లో కవి లోభిని తిడతాడు, గుణం లేని ప్రభువును తిడతాడు, ‘ఆంధ్రనాయక శతకం’లో కాసుల పురుషోత్తమ కవి ఏకంగా శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువునే నిలదీస్తాడు. ఎవరో ఒకరు బోనులో నిలబడితే తప్ప అధిక్షేపానికి పదును రాదు. వొనెగట్ నవలల్లో నగరాలు కాలి బూడిదవుతాయి, సముద్రాలు గడ్డకడతాయి, మనుషులు పనీ గౌరవమూ పోగొట్టుకుని వీధిన పడతారు. ఇంత జరిగినా బోను మాత్రం దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నేరం జరిగింది, నేరస్థుడు కనిపించడు. ఆయన నవలల్లోని గ్రహాంతరవాసులు, కల్పిత మతాలు, కాలంలో ముందుకూ వెనక్కూ దూకే పాత్రలు, పుస్తకం మధ్యలో ప్రత్యక్షమయ్యే పిచ్చి బొమ్మలు, ఇవన్నీ ఈ ఒక్క చిక్కును విప్పడానికి ఆయన కనిపెట్టుకున్న ఉపాయాలని నా అభిప్రాయం.

వొనెగట్ 1922 నవంబర్ 11న ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపొలిస్‌లో, జర్మన్ మూలాలున్న సంపన్న కుటుంబంలో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ వాస్తుశిల్పులు. తల్లి ఈడిత్ పుట్టింటివారు బీరు తయారీలో గడించినవారు. 1930ల ఆర్థిక మాంద్యంలో కొత్త కట్టడాలు ఆగిపోవడంతో తండ్రికి పని లేకుండా పోయింది, ఇల్లు చేజారింది, ఇంట్లో నవ్వు కూడా తగ్గింది. ఆయన చదివిన షార్ట్‌రిడ్జ్ హైస్కూలు విద్యార్థులు ప్రతిరోజూ ఒక పత్రికను వెలువరించేవారు. అందులో రాయడం వల్ల తన పాఠకులు ఉపాధ్యాయులు కారనీ, తోటి పిల్లలనీ ఆయనకు చిన్ననాడే తెలిసింది. అర్థం కాకపోతే మరునాడే మొహం మీద చెప్పే పాఠకులు వాళ్లు. వొనెగట్ పొట్టి వాక్యాలు, పొట్టి పేరాలు, డొంకతిరుగుడు లేని నడక అక్కడ మొదలయ్యాయి.

అన్న బెర్నార్డ్ శాస్త్రవేత్త. తమ్ముడూ అదే దారిన వెళ్లాలని కుటుంబం పట్టుపట్టడంతో కర్ట్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం వైపు వెళ్లారు. మనసు మాత్రం అక్కడి విద్యార్థి పత్రిక మీదే ఉండేది. చదువు సగంలో వదిలి 1943లో సైన్యంలో చేరారు. 1944 మే నెలలో, మాతృదినోత్సవం నాడు ఆయన సెలవు మీద ఇంటికి వచ్చి ఉండగా, తల్లి నిద్రమాత్రలు మింగి చనిపోయింది. ఆ ఏడాది డిసెంబర్‌లో, రెండో ప్రపంచ యుద్ధంలోని బల్జ్ పోరులో, ఆయన దళం జర్మన్ సైన్యం చేతికి చిక్కింది. పట్టుబడిన వారిలో కొందరిని జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి తరలించి, ఒక పశువధశాల భవనంలో ఉంచి, గర్భిణుల కోసం మాల్ట్ పాకం తయారుచేసే కర్మాగారంలో పనికి పెట్టారు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలుకొని బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఆ నగరం మీద బాంబులు కురిపించాయి. నేల అడుగున, మాంసం నిల్వచేసే చల్లటి గదిలో ఉన్నందువల్ల ఆ ఖైదీలు బతికారు. పైకి వచ్చి చూస్తే నగరం లేదు. తరువాతి రోజుల్లో శిథిలాల కింది నేలమాళిగల నుంచి శవాలను వెలికితీసే పని వారి మీదే పడింది.

ఆ నగరాన్ని తగలబెట్టింది ఆయన సొంత పక్షం. ఆయనను బంధించి, కాపలా కాసి, ఆ గదిలోకి దించి బతికించింది శత్రుపక్షం. ఆ శత్రుపక్షమే ఐరోపా యూదులను లక్షలకు లక్షలుగా చంపుతూ ఉంది. ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఈ మూడు నిజాలను ఒక్క చోట పెట్టి కథ చెప్పాలంటే మంచి, చెడు అన్న మామూలు పంపకం పనికి రాదు. కథకు అవసరమైన రూపం దొరకడానికి ఆయనకు దాదాపు ఇరవై మూడేళ్లు పట్టింది. ఈలోపు రాసిన అయిదు నవలలనూ ఆ రూపం కోసం జరిగిన వెతుకులాటగా చదవవచ్చు.

తండ్రికి చెప్పిన జవాబులోని కాలేజీ షికాగో విశ్వవిద్యాలయం. యుద్ధం నుంచి తిరిగొచ్చి, జేన్ కాక్స్‌ను పెళ్లాడి, ఆయన అక్కడ మానవశాస్త్రంలో చేరారు. మనుషుల మధ్య ఎక్కువ తక్కువలు లేవనీ, ఏ జాతినీ ఏ మనిషినీ హీనంగా చూడడానికి వీల్లేదనీ ఆ శాఖ ఆయనకు నేర్పింది. ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసాన్ని మాత్రం ఆమోదించలేదు. అదే విశ్వవిద్యాలయం 1971లో, ఆయన పేరు మారుమోగుతున్న కాలంలో, ‘క్యాట్స్ క్రేడిల్’ నవలను సిద్ధాంత వ్యాసంగా స్వీకరించి ఎం.ఏ. పట్టా ఇచ్చింది. ఒక నవలకు మానవశాస్త్రంలో పట్టా రావడం విడ్డూరంగా తోస్తుంది కానీ, ఆ నవలలో ఆయన ఒక ద్వీపాన్నీ, దాని మతాన్నీ, ఆ మతపు సంకీర్తనలనూ, తంతులనూ, దాని సొంత పదజాలాన్నీ నిర్మించిన తీరు చూస్తే ఆ గుర్తింపు న్యాయమైనదేనని నాకు అనిపిస్తుంది.

పట్టా లేకుండా షికాగో వదిలిన వొనెగట్ 1947లో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రచార విభాగంలో చేరారు. బెర్నార్డ్ అప్పటికే అక్కడి పరిశోధనశాలలో ఉన్నారు. సిల్వర్ అయోడైడ్ కణాలతో మేఘాల్లో మంచు స్ఫటికాలు ఏర్పడేలా చేయవచ్చని 1946లో కనుగొన్నది ఆయనే. వానల్లేక ఎండిన ఏళ్లలో మన ప్రభుత్వాలు చేయించిన మేఘమథనం గురించి పత్రికల్లో చదివిన తెలుగువారికి ఆ రసాయనం పేరు కొత్తది కాదు. శాస్త్రవేత్తలను కలిసి, వారి పనిని పత్రికలకు అర్థమయ్యేలా రాసి పంపడం తమ్ముడి ఉద్యోగం. పెద్ద కర్మాగారం లోపల మంచి మనుషులు ఎలా ఆలోచిస్తారో చూడడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. 1950లో ‘కాలియర్స్’ పత్రికలో మొదటి కథ అచ్చయింది, మరుసటి ఏడాదికల్లా ఉద్యోగం వదిలి, కథల మీద బతుకుతానని మాసచూసెట్స్ తీరంలోని కేప్ కాడ్‌కు కాపురం మార్చారు.

మొదటి నవల ‘ప్లేయర్ పియానో’ 1952లో వచ్చింది. టర్బైన్ రెక్కలను చెక్కే నిపుణుడి పనిని యంత్రం చేత చేయించే ప్రయత్నం ఒకటి జనరల్ ఎలక్ట్రిక్‌లో ఆయన కళ్లారా చూశారు. నవలలో అది రూడీ హెర్ట్జ్ అనే లేత్ పనివాడి కథగా మారింది. యువ ఇంజనీర్లు కొందరు వచ్చి, అతని చేతుల కదలికలను టేపు మీదికి ఎక్కించుకుంటారు. వేలమంది పనివాళ్లలో తననే ఎంచుకున్నారని, తన పనితనం శాశ్వతంగా నిలిచిపోతుందని రూడీ పొంగిపోతాడు. ఆ టేపుతో ఇక ఎన్ని లేత్‌లైనా నడుస్తాయి; రూడీ అవసరం ఒక్కదానికీ ఉండదు. ఆ ఇంజనీర్లు రూడీకి ద్రోహం చేయాలని రాలేదు, అతనంటే వారికి నిజంగానే గౌరవం. తన పనిని తానే యంత్రానికి నేర్పించి పక్కకు తప్పుకోవలసి వచ్చే ఉద్యోగులు ఇవాళ ఏ నగరంలోనైనా కనిపిస్తారు కాబట్టి, డెబ్బై ఏళ్లు దాటిన ఈ దృశ్యం నాకు పాతబడినట్టు అనిపించదు. నవల మొత్తంగా కాస్త బరువుగా నడుస్తుంది, వొనెగట్ గొంతు ఇంకా స్థిరపడలేదు, కానీ ప్రశ్న అప్పుడే స్పష్టంగా ఉంది. అందరూ తమ పనిని శ్రద్ధగా చేసుకుపోతుంటే, చివరికి ఇంతమంది బతుకులు పాడవడానికి ఎవరిని అడగాలి?

1959లో వచ్చిన ‘ది సైరెన్స్ ఆఫ్ టైటన్’ ఈ ప్రశ్నను విశ్వమంతటికీ సాగదీసింది. మానవ చరిత్ర అంతా, మన గొప్ప కట్టడాలతో సహా, దారిలో నౌక చెడిపోయి ఆగిన ఒక గ్రహాంతర దూతకు విడిభాగం ఒకటి చేరవేయడానికి జరిగిన ఏర్పాటని అందులో తేలుతుంది. మనిషి చరిత్రకు ఇంతకంటే చిన్న అర్థం ఊహించడం కష్టం. ఆ వెలితిలో నిలబడిన పాత్ర చివరకు చేరే తీర్పు మాత్రం చాలా మామూలుది: మనల్ని నడిపిస్తున్నది ఎవరైనా కానీ, చుట్టూ ఉన్నవాళ్లలో ప్రేమించదగిన వారిని ప్రేమించడమే మన జీవితానికి ప్రయోజనం.

ఖలుడి ప్రశ్నకు అత్యంత కఠినమైన సమాధానం ‘మదర్ నైట్’లో ఉంది. హోవార్డ్ క్యాంప్‌బెల్ జర్మనీలో స్థిరపడిన అమెరికన్ నాటకకర్త. యుద్ధకాలంలో నాజీల తరఫున రేడియోలో యూదుల మీద విషం కక్కుతాడు. ఆ ప్రసంగాల్లోని దగ్గులు, తడబాట్లు, విరామాల ద్వారా అమెరికాకు రహస్య సమాచారం చేరవేసే గూఢచారి కూడా అతనే. తన మనసు వేరు, వేషం వేరు అని అతను నమ్ముతాడు. యుద్ధం చివరి రోజుల్లో అతని మామ, నాజీ పోలీసు అధికారి, ఒక మాట చెబుతాడు. నువ్వు గూఢచారివో కాదో నాకు అనవసరం. ఒకవేళ అయినా, శత్రువుకు నువ్వు చేసిన మేలు మాకు చేసిన మేలును మించి ఉండదు. నాజీగా నేను సిగ్గుపడకుండా ఉండడానికి కావలసిన భావాలు హిట్లర్ నుంచి రాలేదు, నీ నుంచి వచ్చాయి అంటాడు. వొనెగట్ రచనల్లో ఇంత భయంకరమైన ప్రశంస మరొకటి లేదు. 1966 నాటి ముద్రణకు రాసిన ముందుమాటలో ఆ కథ నీతిని ఆయనే చెప్పారు: మనం ఏ వేషం వేస్తే అదే అయిపోతాం, కాబట్టి ఏ వేషం వేస్తున్నామో జాగ్రత్తగా చూసుకోవాలి. తాను జర్మనీలో పుట్టి ఉంటే తానూ నాజీనే అయ్యేవాడినేమోనని అదే ముందుమాటలో ఒప్పుకున్నారు. ఎదుటివాడిని బోనులో నిలబెట్టే ముందు తాను వెళ్లి అందులో నిలబడి చూడడం ఆయన అలవాటు. అలాగని తప్పును మాఫీ చేయడం ఇక్కడ లేదు. నవల చివర క్యాంప్‌బెల్ తన మీద తానే తీర్పు చెప్పుకుంటాడు. దుర్మార్గుడు లేడంటే అపరాధం లేదని కాదని తెలుసుకోవాలంటే ఈ నవలను దాటవేయకూడదు.

1963 నాటి ‘క్యాట్స్ క్రేడిల్’ అమాయకత్వం మీద రాసిన అభియోగ పత్రం. హిరోషిమా మీద బాంబు పడిన రోజున దాని సృష్టికర్తల్లో ఒకడైన ఫీలిక్స్ హోనికర్ ఇంట్లో కూర్చుని వేళ్ల మధ్య దారంతో ఆడుకుంటూ ఉంటాడు. నవల పేరు ఆ దారపు ఆటదే. బాంబు పరీక్ష తరువాత, శాస్త్రానికి ఇప్పుడు పాపం అంటే తెలిసింది అని తోటి శాస్త్రవేత్త ఒకరు అంటే, పాపమంటే ఏమిటి అని అతను అడుగుతాడు. ఎత్తిపొడుపుగా అడిగింది కాదు, అతనికి నిజంగా తెలియదు. ఈ పాత్రకు నమూనా జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన, 1932లో రసాయన శాస్త్రంలో నోబెల్ పొందిన అర్వింగ్ లాంగ్మ్యూర్. మామూలు ఉష్ణోగ్రతలో కూడా కరగని మంచు అనే ఊహ కూడా ఆయనదే. షెనెక్టడీకి వచ్చిన ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్‌కు కథావస్తువుగా దాన్ని సూచిస్తే వెల్స్ పట్టించుకోలేదట. నవలలో ఆ మంచు పేరు ఐస్-నైన్. బురదలో నడిచి విసిగిన ఒక సైనికాధికారి కోరిక మీద హోనికర్ దాన్ని సరదాగా తయారుచేస్తాడు. అతని ముగ్గురు పిల్లలు తలా ఒక ముక్క పంచుకుంటారు. అనాకారి కొడుకు పదవి కోసం, ఒంటరి కూతురు భర్త కోసం, పొట్టివాడైన చిన్నకొడుకు ఒక వారం రోజుల ప్రేమ కోసం ఆ ముక్కలను చేజార్చుకుంటారు. ప్రేమకు మొహం వాచిన పిల్లలు కాస్త ఆప్యాయతను కొనుక్కున్నారు, అంతే. దాని ఖరీదు భూమి మీది నీరంతా. ఈ పిల్లల మీద కోపం తెచ్చుకుందామని చూస్తే రాదు. జాలి పడి ఊరుకుందామంటే సముద్రం గడ్డకట్టి ఉంటుంది. ఈ రెండింటి మధ్య పాఠకుణ్ణి నిలబెట్టడమే వొనెగట్ అధిక్షేపం పని.

ఆ నవలలోని శాన్ లొరెంజో ద్వీపంలో బొకొనన్ అనే ప్రవక్త స్థాపించిన మతం ఉంది. తాను చెప్పేవన్నీ సిగ్గులేని అబద్ధాలని ఆ మత గ్రంథం మొదట్లోనే ప్రకటిస్తుంది. బతుకు దుర్భరంగా ఉన్న ద్వీపంలో, ఆర్థిక సంస్కరణ ఏదీ పనిచేయనప్పుడు, మనిషిని ధైర్యంగా, దయగా, ఆరోగ్యంగా ఉంచే హానిలేని అబద్ధాలు కావాలని బొకొనన్ వాదన. ఆ మతం పదజాలంలో రెండు మాటలు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినవి. తమకు తెలియకుండానే దైవకార్యం కోసం ఒక జట్టుగా కూడిన మనుషులను ‘కరాస్’ అంటారు. దేశం, కంపెనీ, పార్టీ వంటి పేర్ల మీద కట్టుకున్న, లోపల ఏ అనుబంధమూ లేని ఉత్తుత్తి జట్టును ‘గ్రాన్‌ఫలూన్’ అంటారు. ఒకే జిల్లావాళ్లమని, ఒకే కులంవాళ్లమని విమానాశ్రయంలో చేతులు కలుపుకునే అపరిచితులను చూసినప్పుడల్లా నాకు ఆ రెండో మాట గుర్తొస్తుంది.

1965 నాటి ‘గాడ్ బ్లెస్ యూ, మిస్టర్ రోజ్‌వాటర్’లో డబ్బు వస్తువు. యుద్ధంలో పొరపాటున జర్మన్ అగ్నిమాపక దళ సభ్యులను చంపిన ఎలియట్ రోజ్‌వాటర్, తన కుటుంబ ట్రస్టుకు ఉన్న 8 కోట్ల 70 లక్షల డాలర్లను పక్కన పెట్టుకుని, ఇండియానాలోని ఒక బక్కచిక్కిన పట్టణంలో చిన్న గది తీసుకుని, ఫోన్ చేసిన ప్రతివాడికీ మీకెలా సాయపడగలను అని అడుగుతూ కూర్చుంటాడు. అతనికి పిచ్చి అని నిరూపిస్తే ఆస్తి చేతులు మారుతుంది, తనకూ వాటా దక్కుతుంది అని ఒక యువ లాయరు కాచుకుని ఉంటాడు. వొనెగట్ పాత్రల్లో దుర్మార్గుడికి దగ్గరగా వచ్చేవాడు ఇతనే కావచ్చు, అయినా అతను చేస్తున్నది చట్టం అనుమతించిన పనే. ఎవరికీ ఉపయోగపడని మనుషులను ప్రేమించడం ఎలా అన్నది ఈ నవల తేల్చుకోదలచిన ప్రశ్న. ‘ప్లేయర్ పియానో’లో యంత్రాలు పని లాగేసుకున్న మనుషులే ఇక్కడ మళ్లీ కనిపిస్తారు. ఈ లోకంలో ఒకే ఒక్క నియమం ఉంది, దయగా ఉండి తీరాలి అని పసిబిడ్డలకు చెప్పబోయే ఎలియట్ మాటలు అమెరికన్ పాఠకులకు కంఠతా వచ్చు. ఆ మాటలను గోడమీది సూక్తిగా చూసేవారు ఒకటి మరిచిపోతారు: అవి చెప్పిన మనిషి తన చేతుల మీదుగా జరిగిన హత్యలను మరిచిపోలేక నలిగిపోతున్నవాడు.

ఈ కాలమంతా వొనెగట్‌కు డబ్బు కటకట. కథలు వేసే పత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, కొన్నాళ్లు సాబ్ కార్ల దుకాణం నడిపి నష్టపోయారు. 1958 సెప్టెంబర్‌లో బావ రైలు ప్రమాదంలో పోయాడు. ఒకటి రెండు రోజుల తేడాతో అక్క ఆలిస్ క్యాన్సర్‌తో పోయింది. వారి నలుగురు కొడుకుల్లో ముగ్గురిని ఆయనా జేన్ తమ ముగ్గురు పిల్లలతో పాటు పెంచారు. 1965లో అయోవా విశ్వవిద్యాలయంలో రచన బోధించే ఉద్యోగం, 1967లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ దొరికాయి. ఆ డబ్బుతో పాత సహఖైదీ బెర్నార్డ్ ఓహేర్‌తో కలిసి డ్రెస్డెన్‌కు మళ్లీ వెళ్లారు.

డ్రెస్డెన్ కథ రాయడానికి అడ్డుపడిన ముడిని విప్పింది ఓహేర్ భార్య మేరీ. జ్ఞాపకాలు కలబోసుకోవడానికి వొనెగట్ వాళ్లింటికి వెళ్తే ఆమె ముభావంగా ఉండి, చివరికి కోపం పట్టలేక అడిగేసింది. అప్పుడు మీరు పసిపిల్లలు, కానీ పుస్తకంలో మగధీరుల్లా చూపించుకుంటారు, సినిమాలో పేరున్న నటులు మీ వేషాలు వేస్తారు, యుద్ధం గొప్పగా కనిపిస్తుంది, మళ్లీ యుద్ధాలొస్తాయి, మళ్లీ పసిపిల్లలే పోరాడతారు అంది. అలాంటి నటులకు ఇందులో వేషం ఉండదని ఆయన మాటిచ్చి, మధ్యయుగాల నాటి ‘బాలల క్రూసేడు’ (పిల్లల మతయుద్ధం) పేరును నవలకు ఉపశీర్షికగా పెట్టారు. వీరుడు వద్దని మేరీ చెప్పింది. దుర్మార్గుడు లేడని తండ్రి అప్పటికే గమనించాడు. వీరుడూ దుర్మార్గుడూ లేకుండా యుద్ధ నవల ఎలా ఉంటుందో 1969లో, వియత్నాం యుద్ధం ఉధృతంగా ఉన్న సమయంలో, ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ చూపించింది.

కథానాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్‌కు కాలం మీద పట్టు తప్పిపోయింది. ఒక క్షణం ముసలివాడిగా నిద్రపోతాడు, మరుక్షణం యుద్ధంలో మంచులో నడుస్తుంటాడు, ఆ వెంటనే ట్రాల్ఫమడోర్ గ్రహవాసుల జంతుప్రదర్శనశాలలో గాజు గోడల వెనక ఉంటాడు. ఆ గ్రహవాసులకు కాలమంతా ఒకేసారి కనిపిస్తుంది. చనిపోయినవాడు ఈ క్షణంలో బాగా లేడు, మరెన్నో క్షణాల్లో బాగానే ఉన్నాడు అనుకుని సరిపెట్టుకుంటారు. చావు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా వాళ్ల మాటనే, ‘సో ఇట్ గోస్’ (అలా సాగుతుంది అని దాదాపు అర్థం) అనే మూడు మాటల వాక్యాన్నే కథకుడు పలుకుతాడు. లెక్కపెట్టినవారు అది 106 సార్లు వస్తుందని తేల్చారు. నగరం కాలినప్పుడూ అదే మాట, ఖైదీల బట్టల్లోని పేలు చచ్చినప్పుడూ అదే మాట, సీసాలో షాంపేన్ నురగ చచ్చినప్పుడూ అదే మాట.

ఈ వాక్యాన్ని తెలుగులో ఆలోచించడం ఎంత కష్టమో గమనిస్తే నవల లోతు తెలుస్తుంది. మనకు చావు దగ్గర పలికే మాటలు బోలెడున్నాయి: రాసిపెట్టి ఉంది, ఆయువు తీరింది, రుణం తీరింది, ఏం చేస్తాం అంతా ప్రాప్తం. వీటన్నిటి వెనకా రాసేవాడొకడో, లెక్క చూసేవాడొకడో ఉన్నాడు. వొనెగట్ వాక్యం వెనక ఎవరూ లేరు. అది ఓదార్చదు, వివరించదు, ఊరికే గుర్తు పెడుతుంది. అందుకే దాన్ని విధివాదంగా చదివేవారితో నేను ఏకీభవించలేను. అలా చదివిన విమర్శకులు చాలామంది ఉన్నారు, వారి అభ్యంతరం ఏమిటంటే, అంతా ఇలాగే జరుగుతుందని చెప్పే నవల యుద్ధాన్ని ఆపమని ఎలా అడుగుతుంది అని. కానీ ఆ తత్వం ట్రాల్ఫమడోర్ వాళ్లది, దాన్ని పట్టుకుని వేలాడేది మనసు చెదిరిన బిల్లీ. రచయిత తన సొంత గొంతుతో మాట్లాడే మొదటి అధ్యాయంలో, ఊచకోతల్లో పాల్గొనవద్దనీ, శత్రువుల ఊచకోత వార్త విని సంతోషపడవద్దనీ, ఊచకోత యంత్రాలు తయారుచేసే కంపెనీల్లో పనిచేయవద్దనీ తన కొడుకులకు చెప్పుకున్నానని రాశారు. ఒకే మాట వందసార్లు వినేసరికి పాఠకుడికి మొద్దుబారుతుంది. మొద్దుబారానని గుర్తించిన క్షణంలో సిగ్గు కలుగుతుంది. పేనుకూ నగరానికీ ఒకే మాట వాడడం అందుకే.

ఆ నవలలో నేను పదేపదే తిరిగి వెళ్లే పేజీ మరొకటి. బిల్లీ టీవీలో యుద్ధ విమానాల చిత్రం ఒకటి వెనక నుంచి ముందుకు చూస్తాడు. తూట్లు పడిన విమానాలు, గాయపడిన మనుషులతో, తోక వైపు నుంచి గాలిలోకి లేస్తాయి. శత్రు విమానాలు వాటి ఒంట్లోంచి తూటాలను పీల్చేసుకుంటాయి. మండుతున్న నగరం మీదికి రాగానే విమానాలు తలుపులు తెరిచి, మంటలను చిన్నవిగా చేసి, ఉక్కు గొట్టాల్లోకి చుట్టేసి, కడుపులోకి లాక్కుంటాయి. ఆ గొట్టాలను అమెరికాకు చేరిస్తే అక్కడి కర్మాగారాల్లో రాత్రింబవళ్లు పనిచేసి వాటిని విప్పి, అపాయకరమైన పదార్థాలను మళ్లీ ఖనిజాలుగా మారుస్తారు. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ఖనిజాలను మారుమూల ప్రాంతాలకు తీసుకెళ్లి, ఇక ఎన్నడూ ఎవరికీ హాని చేయకుండా, భూమిలో దాచిపెడతారు. సైనికులు యూనిఫారాలు తిరిగి ఇచ్చేసి బడిపిల్లలవుతారు. హిట్లర్ కూడా పసివాడవుతాడని బిల్లీ ఊహించుకుంటాడు. ఇరవయ్యో శతాబ్దపు అతిపెద్ద దుర్మార్గుడిని ఊయలలోకి చేర్చే ఈ వాక్యంలో క్షమాపణ లేదు. ప్రతి ఘోరం వెనకా వెనక్కి తిప్పలేని కాలం ఉందన్న దుఃఖం ఉంది. నవ్వు తెప్పించే చిన్న ఉపాయంతో మొదలై గొంతు పట్టేసే చోట ఆగుతుంది.

నవలలో చేర్చిన ఒక తప్పును కూడా చెప్పాలి. డ్రెస్డెన్‌లో 1,35,000 మంది చనిపోయారని వొనెగట్ నమ్మారు. ఆ సంఖ్య బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ పుస్తకంలోది. నాజీల నేరాలను తక్కువ చేయడానికి ఇర్వింగ్ ఆధారాలను వక్రీకరించాడని 2000లో లండన్ న్యాయస్థానం తేల్చింది. డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో మృతుల సంఖ్య 25,000కు మించదని నిర్ధారించింది. ఇరవై అయిదు వేల మంది చావు చిన్నదేమీ కాదు, నవల బాధ దానివల్ల తగ్గదు. అయినా పెంచిన లెక్కను హిరోషిమా కంటే పెద్దదని చూపి వాడుకునేవారు ఉన్నారు కాబట్టి, ఈ నవలను ఇవాళ చదివేవారు ఆ సంఖ్యను చరిత్రగా స్వీకరించకూడదు. ఆయన ఆడపాత్రల గురించి కూడా నాకు ఇలాంటి అసంతృప్తే ఉంది. మేరీ ఓహేర్ అంత బలంగా మాట్లాడిన స్త్రీ ఆయన కల్పించిన పాత్రల్లో చాలా అరుదు.

పేరు, డబ్బు వచ్చాక రాసినవి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. యాభయ్యో ఏటి కానుకగా తనకు తానే ఇచ్చుకున్న ‘బ్రేక్‌ఫస్ట్ ఆఫ్ ఛాంపియన్స్’ (1973) వాటిలో ముఖ్యమైనది. ఈ లోకంలో స్వేచ్ఛాసంకల్పం ఉన్నది నీకొక్కడికే, తక్కినవారంతా యంత్రాలు అని చెప్పే ఒక చవకబారు నవల చదివి, అది నిజమని నమ్మి, కార్ల వ్యాపారి డ్వెయిన్ హూవర్ మనుషుల మీద పడి కొడతాడు. ఆ చవకబారు నవల రాసింది కిల్గోర్ ట్రౌట్, వొనెగట్ పుస్తకాల్లో మాటిమాటికీ వచ్చే పేద రచయిత. ఇక్కడ వొనెగట్ తన వృత్తి మీదే అభియోగం మోపారు. కథల్లో ముఖ్యపాత్రలు, చిల్లర పాత్రలు అని ఉన్నందువల్లే ప్రభుత్వాలు కూడా కొందరి ప్రాణాలను చిల్లరగా ఖర్చు చేస్తున్నాయేమోనని అనుమానించి, ఇకపై ప్రతి మనిషీ మరో మనిషంత ముఖ్యుడే అన్నట్టు రాస్తానంటారు. దుర్మార్గుడిని తీసేయడంతో మొదలైన ఆలోచన ఇక్కడికి వచ్చేసరికి నాయకుణ్ణి కూడా తీసేసింది.

‘స్లాప్‌స్టిక్’ (1976)లో ప్రభుత్వం ప్రతివారికీ కంప్యూటర్ ఎంపిక చేసిన మధ్యపేరు ఇస్తుంది. ఒకే పేరున్నవారంతా తోబుట్టువులు, దాయాదులు అవుతారు, దేశంలో ఒంటరివారు ఉండరు. షికాగోలో మానవశాస్త్రవేత్త రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ దగ్గర విన్న చిన్న జనసమాజాల సిద్ధాంతం దీనికి మూలం. ఇంటిపేరూ ఊరూ అడిగి రెండు నిమిషాల్లో చుట్టరికం తేల్చుకునే మనకు ఆ ఊహ కొత్తదేమీ కాదు. ఒంటరితనమే అమెరికన్ జబ్బులన్నిటికీ మూలమన్న ఆయన నిర్ధారణను నేను గౌరవిస్తాను, కానీ పెద్ద కుటుంబం మోపే బరువు, ముఖ్యంగా ఆడవారి మీద మోపే బరువు, ఆయనకు తెలియదు. ‘గలాపగోస్’ (1985)లో పదిలక్షల ఏళ్ల తరువాత మనుషులు సీల్ జంతువుల్లా మారిపోయి హాయిగా ఉంటారు. కష్టాలన్నిటికీ కారణం మూడు కిలోల మెదడని అక్కడి కథకుడు తేలుస్తాడు. చివరి నవల ‘టైమ్‌క్వేక్’ 1997లో వచ్చింది. 2007 ఏప్రిల్ 11న, ఇంట్లో పడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు, న్యూయార్క్‌లో ఆయన చనిపోయారు.

1973లో నార్త్ డకోటా రాష్ట్రంలోని డ్రేక్ అనే చిన్న ఊరి పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ను పాఠంగా చెప్పాడు. బూతులున్నాయని పాఠశాల బోర్డు ఆక్షేపించి, 32 ప్రతులను బడి కొలిమిలో కాల్పించింది. ఆ నవంబర్‌లో వొనెగట్ బోర్డు అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాశారు. ఈ ఉత్తరం ప్రతులను మరెవరికీ పంపలేదని, ఇది తాను డ్రేక్ ప్రజలకు రాస్తున్న సొంత ఉత్తరమని అందులో చెప్పారు. మీరు కాల్చిన పుస్తకాల వెనక నిజమైన మనిషి ఉన్నాడని తెలియడానికి, తనను తాను పరిచయం చేసుకున్నారు: చిన్నప్పుడు పొలం పనులు చేశాను, పనిముట్లు వాడడం బాగా వచ్చు, ఆరుగురు పిల్లలను పెంచాను, ముగ్గురు సొంతం, ముగ్గురు దత్తత, అందరూ బాగా స్థిరపడ్డారు, వారిలో ఇద్దరు రైతులు, యుద్ధంలో పదాతి సైనికుణ్ణి, గాయపడిన సైనికులకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం ఉంది, నాకున్నదంతా కష్టపడి సంపాదించుకున్నదే. నా పుస్తకాలు చదివి ఉంటే, మనుషులు ఇప్పుడున్న దానికంటే దయగా, బాధ్యతగా ఉండాలని అవి వేడుకుంటున్నాయని మీకు తెలిసేదని రాశారు. తన పుస్తకాన్ని కాల్పించిన మనిషిని ఆ ఉత్తరంలో గట్టిగా మందలించారు, అతని వల్ల తనకు బాధ కలిగిందని దాచకుండా చెప్పారు, దుర్మార్గుడు అన్న మాట మాత్రం వాడలేదు.